బుచ్చాగౌడ్ మొదటి గుక్క

గుండ్లవాగు ఒడ్డున తాళ్ళగుట్ట అనే ఊళ్ళో బుచ్చాగౌడ్ అనే గీత కార్మికుడు ఉండేవాడు. తాటిచెట్టు ఎక్కడంలో అతన్ని మించినవాడు లేడు గానీ, తాను గీసిన రసాన్ని ఎన్నడూ రుచి చూసుకునేవాడు కాదు.

ఆ వాగు పొడవునా పది తాటివనాలు ఉండేవి. ఒక్కో వనం నీరాది ఒక్కో రుచి. చెట్టు నుంచి దించగానే తియ్యగా ఉండే రసమే నీరా. అది పులిసి నురగ కడితే కల్లు అవుతుంది. పులియకుండా ఉండాలంటే చెట్టుకు కట్టే లొట్టి అనే మట్టికుండ లోపల సున్నం బాగా పూయాలి, పొద్దు పొడవకముందే దించాలి. వనానికి ఎవరైనా వస్తే, గీసినవాడు రేక అనే తాటాకు దొన్నెలో మొదటి గుక్క తాను తాగి, ఆ తర్వాతే వాళ్ళకు పోయాలి. తన రసానికి తనదే పూచీ అని నోటితో చెప్పకుండా చెప్పే పద్ధతి అది.

బుచ్చాగౌడ్ మాత్రం ఆ ఆనవాయితీని ఎప్పుడో వదిలేశాడు.

"నా చెట్లు నాకు తెల్వవా? రుచి చూసుకునేది చేతగానోళ్ళు" అనేవాడు.

పక్క వనం వీరస్వామి ఒక్క లొట్టి కూడా రుచి చూడకుండా వదిలేవాడు కాదు. అది చూసినప్పుడల్లా బుచ్చాగౌడ్ నవ్వేవాడు.

"ఏందిరా వీరస్వామీ, చెట్టు మీద నమ్మకం లేదా?"

"చెట్టు మీద ఉన్నదన్నా. నా చెయ్యి మీదనే లేదు" అనేవాడు వీరస్వామి.

ఒక ఎండాకాలం పట్నం నుంచి ఇందుమతి అనే ఆమె వచ్చింది. ఆమె పట్నంలో నీరా కొట్టు పెట్టబోతోంది. వాగు వెంట నడుస్తూ ఒక్కో వనంలో ఆగేది. చెట్ల వయసు అడిగేది, ఒక రేక నీరా తాగేది, పుస్తకంలో ఏదో రాసుకునేది. పది వనాల్లో ఒక్కదాన్నే ఎంచుకుంటానని, ఆ వనం పేరునే కొట్టు పలక మీద రాయిస్తానని అందరికీ చెప్పింది. ఎనిమిది వనాలు అయ్యాయి. తాళ్ళగుట్టలోని రెండే మిగిలాయి.

బుచ్చాగౌడ్‌కు ఆ పలక కావాలి. అతని వనంలో పెద్దక్క అని పిలుచుకునే చెట్టు ఒకటి ఉండేది. దాన్ని అతని తాత గీశాడు, తండ్రి గీశాడు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాని రసం కోసమే వచ్చేవారట. ఆ వనం పేరు పట్నంలో కనబడితే తాత పేరు నిలబెట్టినట్టే అనుకున్నాడు.

ఆమె తన వనానికి వచ్చే ముందురోజు సాయంత్రం పెద్దక్కకు లొట్టి కడుతూ ఆలోచించాడు. సున్నం ఎంత బాగా పూసినా నాలుక చివర దాని జాడ కాస్త తగులుతుంది. 'ఇంత తీపికి సున్నం అడ్డమెందుకు? ఆమెకు ఉత్త చెట్టు రుచే తెలియాలి' అనుకుని, పూసిన సున్నాన్ని గుడ్డతో తుడిచేశాడు. అడుగున వేలెడు మాత్రం ఉంచాడు.

తెల్లవారుజామున లొట్టి దించాడు. అటుగా పోతున్న వీరస్వామి ఆగి లోపలికి తొంగి చూశాడు.

"అన్నా, అంచుకు నురగ కనబడుతున్నది. ఒక్క గుక్క చూడరాదే."

"నురగ నీ కండ్లల్ల ఉన్నది. పోయి మొహం కడుక్కో" అన్నాడు బుచ్చాగౌడ్. నురగ కనబడకుండా రసాన్ని బట్టలో వడకట్టాడు.

పొద్దు పొడిచే వేళకు ఇందుమతి వచ్చింది. చోద్యం చూద్దామని వీరస్వామితో పాటు ఊళ్ళోవాళ్ళు పదిమంది చేరారు. బుచ్చాగౌడ్ పెద్దక్క బోదె మీద చెయ్యి వేసి, ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"ఈ చెట్టు మా తాతను మోసిందమ్మా. మా నాయనను మోసింది. ఇప్పుడు నన్ను మోస్తున్నది" అంటూ నిండు రేక అందించాడు.

ఇందుమతి తాగలేదు.

"గౌడ్ గారూ, ఎనిమిది వనాల్లోనూ గీసినవాళ్ళే మొదటి గుక్క తాగి ఇచ్చారు. మీరు మరిచిపోయినట్టున్నారు" అంది నవ్వుతూ, రేక తిరిగి ఇచ్చేస్తూ.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. బుచ్చాగౌడ్ రేక అందుకుని ఒక గుక్క తాగాడు. నాలుక చివర సన్నగా పులుపు తగిలింది.

ఎక్కువ కాదు, రవ్వంత. పట్నం మనిషికి తెలియకపోవచ్చు. బాగుందని ఒక్క మాట అంటే పలక మీద పేరు తనదే. వీరస్వామి వైపు చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాడు. వీరస్వామి మాత్రం తల దించుకుని నేల చూస్తున్నాడు. బుచ్చాగౌడ్ తలెత్తి పెద్దక్క కొస దాకా చూశాడు.

"అమ్మా, ఇది తాగకుండ్రి" అన్నాడు. "పులిసింది. చెట్టు తప్పు కాదు. సున్నం తుడిచింది నేను."

లొట్టి ఎత్తి రసమంతా చెట్టు మొదట్లో పోసేశాడు.

"మంచి నీరా తాగాలంటే మా వీరస్వామి వనానికి పోదాం రండ్రి."

"అన్నా, ఏమంటున్నవే!" అని కంగారుపడ్డాడు వీరస్వామి.

"నడువురా. మాటలతోనే పొద్దెక్కిస్తవా ఏంది?"

అక్కడ వీరస్వామి మొదటి గుక్క తాగాక, రెండోది బుచ్చాగౌడ్ తాగాడు. కళ్ళు మూసుకుని కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "మస్తుగున్నదిరా" అన్నాడు. ఇంకొకరి నీరాను అతను మెచ్చుకోవడం ఊరు వినడం అదే మొదలు.

ఇందుమతి వీరస్వామి వనాన్నే ఎంచుకుంది. తర్వాత బుచ్చాగౌడ్ వైపు తిరిగింది.

"గౌడ్ గారూ, ఇన్ని వనాలు తిరిగాను. అందరూ తాగమన్నవాళ్ళే. తాగొద్దన్నది మీరొక్కరే. పట్నం బండి ఎక్కే ప్రతి లొట్టి నుంచీ మీరు కూడా ఒక గుక్క తాగి చూడాలి. మీరు వద్దంటే ఆ లొట్టి కదలదు."

పలక మీద తాత వనం పేరు రాలేదు. అయినా ఆ రోజు నుంచి తెల్లవారుజామున బండి దగ్గర బుచ్చాగౌడ్ తలపాగా చుట్టుకుని నిలబడేవాడు. అయితే ఇంటి దగ్గర తన లొట్టి రుచి చూసుకున్నాకే అక్కడికి వచ్చేవాడు.

"ఏందన్నా, నీ చెట్ల మీద నమ్మకం పోయిందా?" అని అడిగాడు వీరస్వామి ఒకనాడు.

"చెట్ల మీద ఉన్నదిరా. వాటి పరువు తియ్యొద్దనే నా చెయ్యిని రోజూ అడుగుతున్న" అన్నాడు బుచ్చాగౌడ్, మీసం సవరించుకుంటూ.

నీతి: తన పని మీద నిజమైన గర్వం ఉన్నవాడు దాన్ని ముందుగా తానే పరీక్షించుకుంటాడు, తప్పు కనబడితే దాచకుండా పదిమందిలో ఒప్పుకుంటాడు.