కుందేలు కొనుక్కున్న వారం

ఏటికి ఇవతల చిట్టడవి, అవతల రాళ్ళగుట్ట. ఎండలు ముదరకముందే నక్క పానకాలరావు ఆ గుట్టని తనదనేసుకుని, దానికి ఆనందవనం అని పేరు పెట్టాడు. కొత్తగా కట్టిందేమీ లేదు. నున్నటి బండ మీదుగా నీళ్ళు మళ్ళించి జారుడుబండ అన్నాడు. అడవితీగలు రెండు ముడేసి ఉయ్యాల అన్నాడు. పనీపాటా లేక తిరుగుతున్న ముసలి ఏనుగుని తెచ్చి మడుగులో నిలబెట్టి, వచ్చినవాళ్ళ మీద తొండంతో నీళ్ళు చిమ్మించి, దానికి వానాట అని పేరు పెట్టాడు. అంతే, ఇవతలి ఒడ్డున ఉన్న పిల్లలందరికీ నిద్ర పట్టడం మానేసింది.

కుందేలు చెంగయ్య ఇంట్లోనూ అదే గోల. చెంగయ్యా, భార్య గరికమ్మా కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు. ముగ్గురు పిల్లలు. అవతల ఎవరు జారినా ఆ కేరింతలు ఇవతలికి వినిపించేవి. జారుడుబండకి ఎప్పుడు తీసుకెళ్తావని పిల్లలు తండ్రి చెవులు పట్టుకుని లాగేవాళ్ళు. కుందేలు చెవులు కదా, లాగడానికి బోలెడంత వీలు.

అలాంటి సమయంలో ఒక కోతి కొమ్మ మీంచి కబురు వేసింది. కుటుంబంతో వచ్చి ఒక పూట కూర్చుని పానకాలరావుగారి మాటలు వింటే చాలు, బుట్టెడు జామకాయలు ఊరికే ఇస్తారట. ఏదీ కొనక్కర్లేదట. మాటలు విని, జామకాయలు తీసుకుని, పిల్లల్ని ఒకసారి జారించి వచ్చేద్దామని మొగుడూ పెళ్ళాం గట్టిగా అనుకుని మరీ బయల్దేరారు. ఇలా గట్టిగా అనుకుని బయల్దేరినవాళ్ళంటేనే పానకాలరావుకి ఎక్కువ ఇష్టం.

పిల్లల్ని ఉయ్యాల దగ్గరికి పంపించి, పానకాలరావు దంపతులిద్దర్నీ నీడలో కూర్చోబెట్టాడు. దూరంగా, మర్యాదగా కూర్చున్నాడు. తను మాంసం మానేశానని, ఇప్పుడు నలుగురి సంతోషమే తన ఆహారమని మొదటే చెప్పేశాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"ఏటా ఒక వారం ఈ ఆనందవనం మీదండీ చెంగయ్యగారూ. పూర్తిగా మీదే."

"అంటే గుట్ట నాదా?"

"గుట్ట కాదండి, వారం."

"వారం ఏం చేసుకుంటానండీ?"

"వారంలో గుట్ట ఉంటుంది కదండీ."

చెంగయ్య కాసేపు ఆలోచించాడు. "మరి వారం అయిపోయాక గుట్ట ఎక్కడికెళ్తుంది?"

"గుట్ట ఇక్కడే ఉంటుందండి. మీరే ఉండరు."

చెంగయ్య తల ఊపాడు. అర్థమైనవాళ్ళూ అలాగే ఊపుతారు గనక అతనికి ఏమీ అర్థం కాలేదని పైకి తెలియలేదు. పానకాలరావు ఆగలేదు. ఈ ఏడు రాలేకపోతే ఆ వారం వచ్చే ఏటికి కలుస్తుందట. వచ్చే ఏటి వారాన్ని ఈ ఏడే ముందుగా వాడేసుకోవచ్చట. రెండూ కలిపి ఎవరికైనా బదిలీ చేయొచ్చట. తొలకరి వారం, వెన్నెల వారం, మోదుగపూల వారం అని మూడు రకాలున్నాయట. ఏది మంచిదని అడిగితే మూడూ మంచివేనట, కానీ ఒకటి మిగతా రెంటికన్నా మంచిదట. చెంగయ్య బుర్ర గిర్రున తిరిగింది. లేచి వెళ్ళిపోదామంటే జామకాయల బుట్ట పానకాలరావు వెనకాల ఉంది.

గరికమ్మ మాత్రం బదులు మేమేం ఇవ్వాలని సూటిగా అడిగింది. నెలకో మోపు గరిక ఏనుగు మేతకి తెచ్చిపెడితే చాలన్నాడు నక్క. ఎన్నాళ్ళని అడిగింది. మీ తర్వాత మీ పిల్లలు తెస్తారు చెల్లెమ్మా, వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు, అని చాలా ఆప్యాయంగా చెప్పాడు. ఆ 'మీ తర్వాత' అన్న మాట గరికమ్మకి నచ్చలేదు. ఈలోపు పిల్లలు ఒళ్ళంతా తడుపుకుని పరుగున వచ్చి, నాన్నా మనం కొనుక్కున్నామా అని అడిగారు. ఆ మొహాలు చూసి చెంగయ్య అవుననేశాడు.

"రెండే నియమాలండి," అన్నాడు పానకాలరావు. "ఖాయం చేసిన వారం మార్చకూడదు. కుటుంబమంతా ఒకే విడిదిలో పడుకోవాలి. అదిగో, ఆ వాక్కాయ పొద మీ విడిది. మీలాంటి చిన్న కుటుంబానికి తొలకరి వారమైతే ముచ్చటగా ఉంటుంది."

మాట ఇచ్చి ఇంటికొచ్చాక చెంగయ్యకి తిండి సయించలేదు. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. అదేమిటో పట్టుబడటం లేదు. గుట్ట బాగుంది, నీళ్ళు బాగున్నాయి, నక్క కూడా, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పెద్దమనిషిలాగే మాట్లాడాడు. మరి గుండె ఎందుకు ఇలా కొట్టుకుంటోంది? వానాకాలం మబ్బు పడుతున్నకొద్దీ ఆ కొట్టుకోవడం ఎక్కువైంది.

"ఏమే, ఇంతకీ మనం ఏం కొనుక్కున్నాం?" అని భార్యని అడిగాడు.

"అది నాకు తెలీదు గానీ," అంది గరికమ్మ, "పిల్లల్ని ముగ్గుర్నీ ఒక్కచోట పడుకోబెట్టడం మాత్రం నా వల్ల కాదయ్యా. మా అమ్మ అలా చెయ్యలేదు, మీ అమ్మా చెయ్యలేదు."

నిజమే. పిల్లల్ని మూడు గడ్డిదుబ్బుల్లో వేరువేరుగా పడుకోబెట్టి, పొద్దువాలాక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పాలిచ్చి రావడం కుందేళ్ళ పద్ధతి. ఒక చోటు ఎవరి కంటనైనా పడితే మిగతా ఇద్దరైనా మిగులుతారని. పడకచేరే ముందు ఇంకో పద్ధతుంది. పడకలోకి నేరుగా వెళ్ళి, వేసిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచి, ఒక్క దూకు పక్కకి దూకి, వేరే చోట పడుకోవడం. కళ్ళు తెరిచిన కుందేలుపిల్ల నేర్చుకునే మొదటి విద్య అదే. అయితే మాటిచ్చాం కదా, పెద్దమనిషి దగ్గర పరువు పోదూ, అని చెంగయ్య మథనపడ్డాడు. వెళ్దాం, వెళ్ళాక చూద్దాం అంది గరికమ్మ.

తొలకరి వారం మొదటి రోజు పిల్లలు సాయంత్రం దాకా జారారు. ఏనుగు వాళ్ళ మీద నీళ్ళు చిమ్మింది. చెంగయ్య కూడా ఒకసారి జారి, చెవులు నిలబెట్టుకుని, బాగానే ఉందే అనుకున్నాడు. పొద్దువాలుతుండగా పానకాలరావు స్వయంగా వచ్చి విడిది చూపించాడు. పొద చుట్టూ ఇసుకని ఎంత శుభ్రంగా ఊడ్చి పెట్టాడంటే, చీమ నడిచినా జాడ తెలుస్తుంది. అతిథి మర్యాదండి, అన్నాడు. ఐదుగురూ లోపలికి వెళ్ళేదాకా నిలబడి, కళ్ళనిండా చూసుకుని వెళ్ళాడు.

పొదలో అందరూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ఎవరికీ ఏమీ తోచలేదు. వచ్చిన దారి అలాగే ఇసుక మీద కనిపిస్తుంటే చెంగయ్య కాళ్ళు దురదపెట్టాయి. మాటా, పరువూ అంటూ కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే ఐదుగురూ తమ అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచి, పక్కనే ఉన్న జారుడుబండ మీదికి దూకారు. రాతి మీద జాడ పడదు. అక్కణ్ణించి గుట్ట పైకి వెళ్ళి, పిల్లలు మూడు దుబ్బుల్లో, పెద్దలు చెరో రాతి పక్కన నక్కారు. తెల్లారేలోపు మళ్ళీ పొదలోకి వెళ్ళిపోతే పానకాలరావు నొచ్చుకోడని చెంగయ్య మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

అలసి పడుకున్నవాళ్ళకి తెల్లారింది కూడా తెలియలేదు. కింద మాటలు వినిపించి చెంగయ్య చెవులు లేచాయి. వాక్కాయ పొద దగ్గర పానకాలరావు నిలబడి ఉన్నాడు. అతని పక్కన తోడేలు.

"ఐదుగురు దొరా, ముగ్గురు లేతవాళ్ళు," అంటున్నాడు నక్క. "తొలకరి వారం మీదన్నానా, చెప్పిన రోజుకి చెప్పిన చోట పెట్టాను."

అప్పటికి గానీ చెంగయ్యకి తను కొనుక్కున్నదేమిటో తెలియలేదు. ఆ వారాన్నే తోడేలుకీ అమ్మాడు నక్క. తన నోటితో తనే చోటూ రోజూ ఖాయం చేసి, పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అవతల గరికమ్మ కదలకుండా అతన్నే చూస్తోంది.

తోడేలు పొదలోకి దూకింది. ముళ్ళు గీరుకుని బయటికొచ్చింది.

"ఏరిరా?"

పానకాలరావు తనూ దూరి చూశాడు. పొద ఖాళీ. ఇసుక కేసి చూశాడు. లోపలికి వెళ్ళిన అడుగులు శుభ్రంగా ఉన్నాయి. బయటికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. జీవితంలో మొదటిసారి అతనికి ఏమీ అర్థం కాలేదు.

"లోపలికి వెళ్ళారు దొరా, నా కళ్ళారా చూశాను."

"వెళ్ళారని ఇసుక కూడా చెబుతోంది," అంది తోడేలు నెమ్మదిగా. "బయటికి రాలేదనీ చెబుతోంది. మరి పొదలో లేరు. ఎండాకాలమంతా నా వేటలో నీకు వాటా పెట్టాను కదరా పానకాలూ. ఐదుగుర్నీ ఒక్కడివే తిన్నావా?"

మాంసం మానేశాను దొరా, అనబోయి అది ఎవరికి చెప్పే మాటో గుర్తొచ్చి ఆగాడు. ఆ ఆగడమే చాలింది తోడేలుకి. ఒక్క ఊపున తోక అందుకుంది. తోక సగం తోడేలు నోట్లో వదిలేసి, పానకాలరావు ఏరు దాటి పరుగు పెట్టాడు.

"తొలకరి వారం నాదేరా," అని వెనక నించి కేకేసింది తోడేలు. "ఏటా వస్తాను. నువ్వు ఎక్కడ పడుకుంటే అదే నా విడిది."

తోడేలు నక్కని వెతుక్కుంటూ పోయాక, చెంగయ్య పిల్లల్ని ముగ్గుర్నీ నాకి నాకి చూసుకున్నాడు. ఇంటిదారి పట్టాక, ఇంకా ఆరు రోజులు మిగిలాయి కదా, అవి వచ్చే ఏటికి కలుస్తాయా అని అడిగాడు. గరికమ్మ వంకర దారిలో, వెనక్కీ ముందుకీ దూకుతూ, పిల్లల్ని ఇంటికి చేర్చింది. పానకాలరావు మాత్రం అప్పటినించీ మబ్బు పట్టిందంటే చాలు, రోజుకో చోట పడుకుంటున్నాడట. వెనక్కి నడవడం ఎలాగో ఎవరైనా నేర్పుతారేమోనని అడుగుతున్నాడట కూడా.

నువ్వు ఏ రోజు ఎక్కడ పడుకోవాలో నీకన్నా ముందు ఖాయం చేసేవాడు, పక్క వేస్తున్నది నీకోసం కాదు.