వాగుకి పక్క పరిచిన ఎల్లాజీ

కాకిదిబ్బపాలెంలో బుర్రంటే ఎల్లాజీదే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. ఎల్లాజీయే అనేవాడు. పెళ్ళాం చిన్నమ్మి ఔనని తలూపేది. ఆ ఊపు చాలదని తమ్ముడు తౌడు ఇంకోసారి ఊపేవాడు.

ఆ ఊరికి ముందు సముద్రం, పక్కన వాగు. ఏటేటా సముద్రం కాస్త కాస్త ఒడ్డు కొరుక్కుంటూ వచ్చి, కిందటి వానల్లో ముందు వరస ఇళ్ళు మింగేసింది. ఇప్పుడు ముందున్నది ఎల్లాజీ ఇల్లే. ఒడ్డుని ఎలా కాపాడాలో చదువుకున్న ఇంజనీరమ్మ వకుళ ఊరికొచ్చి, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"సముద్రం ముందుకొస్తోంది. మనం వెనక్కి నడవక తప్పదు."

అంతే. ఆ పూట నుంచి ఎల్లాజీ ఇంటిల్లిపాదీ వెనక్కే నడిచారు. చిన్నమ్మి వెనక్కి నడిచి చేపల గంపలో కూర్చుంది. తౌడు వెనక్కి నడిచి పక్కింటి ముసలమ్మ పొయ్యి మీద కూర్చుని, అంతకన్నా జోరుగా ముందుకొచ్చాడు.

ఇంజనీరమ్మ తల పట్టుకుని, వాళ్ళకి తేలిక పని అప్పజెప్పింది. బుట్టెడు మడ మొక్కలిచ్చి, "వాగు సముద్రంలో కలిసే చోట ఇవి పాతండి. అలల్ని ఇవే ఆపుతాయి. వేళ్ళు బురదలో బాగా దిగాలి. వేళ్ళు కదిలాయో, పడ్డ పాటంతా వృథా," అంది.

ఇంకేముంది, ముగ్గురూ బుట్ట గట్టు మీద పెట్టి, తలా పది వేళ్ళూ బురదలోకి దింపి కూర్చున్నారు. ఎల్లాజీకి ముక్కు దురద పుట్టింది.

"తౌడూ, ముక్కు గోకరా."

"నా వేళ్ళూ దిగిపోయాయన్నా."

చిన్నమ్మి జాలిపడి వీపు వంచింది. ఎల్లాజీ ఆ వీపుకే ముక్కు రాసుకున్నాడు. పోటు నీళ్ళు గడ్డం దాకా వచ్చినా ఒక్కరూ కదల్లేదు. ఇంజనీరమ్మ పరుగున వచ్చింది.

"మొక్కలేవి ఎల్లాజీగారూ?"

"మొక్కల సంగతి మేకలు చూసుకున్నాయమ్మగారూ. వేళ్ళు మాత్రం ఒక్కటీ కదల్లేదు."

ఆవిడ ముగ్గురినీ రెక్కపట్టి గట్టు మీదికి లాగింది. ఆ తర్వాత మెల్లగా, "వానలొస్తున్నాయి. వాగుకి అడ్డు కట్టకండి. కాస్త చోటిస్తే అది పరుచుకుని పడుకుంటుంది, ఎవరి జోలికీ రాదు," అంది.

పడుకునేందుకు చోటంటే ఎల్లాజీకి తెలిసింది ఒక్కటే. ఇంట్లో సామానంతా బయట పడేసి, నడిమింట్లో చాప పరిచి, మంచి తలగడ వేశాడు.

"వాగుకి మనిల్లు ఎలా తెలుస్తాది?" అంది చిన్నమ్మి.

నిజమే కదా. వాగు గట్టు నుంచి గడప దాకా ముగ్గురూ కాలవ తవ్వారు. వాన కురిసింది. వాగు బుసకొడుతూ తిన్నగా ఇంట్లోకొచ్చింది. వెనక గోడ కూలింది. అది తండ్రి చేతులతో పెట్టిన గోడ. ఎల్లాజీ గుండె కలుక్కుమంది. కానీ వచ్చిన చుట్టాన్ని లేవమంటే మర్యాదేనా? తువ్వాలుతో కళ్ళొత్తుకుని ఊరుకున్నాడు.

"చాప చాల్లేదయ్యా. పాపం, కాళ్ళు బయటికొచ్చేశాయి," అని చిన్నమ్మి ఒకటే బాధపడింది.

ముగ్గురూ ఒడ్డున ఉన్న పడవలో కాపురం పెట్టారు. ఇంజనీరమ్మ దణ్ణం పెట్టింది. "ఇంకేమీ చెయ్యకండి. పోటు నీళ్ళ అంచున ఒక జెండా పెట్టండి, చాలు. నీళ్ళెంత దూరం వస్తున్నాయో ఊరికి తెలుస్తుంది."

ఎల్లాజీ జెండా పాతాడు. అల వెనక్కి పోయింది, జెండా అక్కడే ఉండిపోయింది. పీకి మళ్ళీ పాతాడు. అల ముందుకొచ్చింది. పీకడం, పాతడం, పీకడం, పాతడం. నడుం పట్టేసింది. అప్పుడు తౌడు అలతో పాటే పరిగెడుతున్న ఒక ఎండ్రకాయని చూపించాడు. "ఇది అంచు వదల్దన్నా."

తమ్ముడికి తన బుర్రే వచ్చిందని ఎల్లాజీ మురిసిపోయాడు. కొబ్బరీనెకి ఎర్ర గుడ్డ కట్టి, ఈనెని ఎండ్రకాయ వీపుకి కట్టారు. కాసేపు అది బుద్ధిగానే తిరిగింది. తర్వాత దానికేం తోచిందో, దిబ్బెక్కి, ఎండు చేపల పందిళ్ళు దాటి, నేరుగా ఊళ్ళోకి నడిచింది.

"సముద్రం ఊళ్ళోకొచ్చేసింది," అన్నాడు ఎల్లాజీ, మొహం పాలిపోయి.

ఇంకేముంది, ముగ్గురూ తెడ్లు పట్టుకుని పొడి ఇసకలో పడవ నడపడం మొదలెట్టారు. ఇసక లేస్తోంది, చెమట కారుతోంది, పడవ ఉన్నచోటే ఉంది. ఎదురు పోటు గట్టిగా ఉందనుకుని ఇంకా బలంగా వేశారు. అంతలో ఎదురుగా ఇంజనీరమ్మ నడుచుకుంటూ వస్తోంది.

"అయ్యో, అమ్మగారు నడి సముద్రంలో ఉన్నారు," అన్నాడు ఎల్లాజీ.

అంతే. తౌడు చొక్కా విప్పి ఇసకలోకి దూకాడు. బోర్లా పడి చేతులాడించుకుంటూ, పొట్ట గీరుకుపోతున్నా ఆగకుండా ఆవిడ దాకా ఈది, జడ పట్టుకుని లాక్కొచ్చాడు. ఎల్లాజీ, చిన్నమ్మి ఆవిణ్ణి పడవలో బోర్లా పడుకోబెట్టి, వీపు మీద అదిమారు. మళ్ళీ అదిమారు. ఒక్క చుక్క నీరు బయటికి రాలేదు.

"గుటకైనా మింగలేదు," అన్నాడు ఎల్లాజీ మెచ్చుకోలుగా. "చదువుకున్న మనిషంటే ఇలా ఉండాలి."