సన్నేరు తెచ్చిన సారె

ఒకప్పుడు సముద్రానికి ఒడ్డే లేదు. కొండ పాదాల దాకా నీళ్లే. సముద్రుడు పొద్దస్తమానం ఆ కొండను ధనాధనా కొడుతూ ఉండేవాడు.

కొండమ్మకు ఒక్కతే కూతురు, సన్నేరు అనే వాగు. పేరుకు తగ్గట్టే బక్కపలచని పిల్ల. ఆమెను సముద్రుడి ఇంటికి కోడలిగా ఇచ్చారు. పుట్టింటి నుంచి కోడలు వట్టి చేతులతో రాకూడదు కదా. కొండమ్మ దగ్గర పసుపూ లేదు, చలిమిడీ లేదు. తన ఒళ్లే గీరి, గుప్పెడు ఇసుక కూతురి ఒడిలో పోసి పంపింది.

సముద్రుడు పగలబడి నవ్వాడు. "ఇదా మీ అమ్మ పెట్టిన సారె? నా పంటి కిందికి కూడా రాదే."

సన్నేరుకి ఒళ్లు మండింది. తనను అంటే పడేదేమో, అమ్మను అంటే పడుతుందా?

అప్పుడే ఒక తాబేలు ఏడుస్తూ ఈదుకొచ్చింది. "పెట్టిన గుడ్డు పెట్టినట్టే చేపలు మింగేస్తున్నాయి తల్లీ. మునగని చోటు జానెడు ఉంటే చూపించవూ?"

"మా అమ్మ సారెతోనే చూపిస్తా అక్కా," అంది సన్నేరు. మామగారి వైపు తిరిగింది. "మామయ్యా, నేను తెచ్చింది ఇక్కడే పోసుకుంటాను. మీరు ముట్టుకోకూడదు."

"ఎవరికి కావాలమ్మా ఆ ఇసుక? అందులో ఒక్క రేణువు మింగినా నేను సముద్రుణ్ణే కాను," అన్నాడాయన. ఈ పిల్ల పోసేది ఎంతవుతుందిలే అని ధీమా.

ఇక కొండమ్మ ఒడి నింపుతూనే ఉంది, సన్నేరు దిగుతూనే ఉంది. వానల్లో గుప్పెడు, ఎండల్లో చిటికెడు. పోసిందల్లా నీళ్లలో కనపడకుండా పోయేది. చేపలు వెక్కిరించాయి. తాబేలుకు కూడా ఆశ సన్నగిల్లింది. సన్నేరుకి అవన్నీ పట్టించుకునే తీరికెక్కడ? ఎన్ని వానాకాలాలు పోయాయో ఎవరికీ తెలియదు.

ఒకరోజు పొద్దున్నే సముద్రుడు కొండను కొట్టబోయాడు. కొండ అందలేదు. మధ్యలో కనుచూపు మేర ఇసుక. దాని మీద తాబేలు గుంట తవ్వుకుని తీరిగ్గా గుడ్లు పెడుతోంది.

ఆయన మింగేద్దామని ఉరికాడు. సన్నేరు తలెత్తుకుని ఎదురు నిలబడింది. ఆ పిల్ల అంత గర్వంగా నిలబడటం అదే మొదటిసారి.

"మా అమ్మ పెట్టిన సారె ఇది, మామయ్యా. కావాలంటే కొలుచుకోండి."

ఇచ్చిన మాట ఆయన గొంతుకు అడ్డం పడింది.

అప్పటినుంచే సముద్రం కెరటమై పరుగున వస్తుంది, ఇసుకను తడిమి కొలుస్తుంది, మాట గుర్తొచ్చి వెనక్కి తగ్గుతుంది. ఆ కొలత ఇవాళ్టికీ తెమలలేదు.