తాటిమట్ట మీద ఊరేగిన చిటారయ్య

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మద్దిపట్నం అని ఒక పట్నం. నవ్వకండర్రా, జంతువులకు మాత్రం పట్నం ఉండకూడదా ఏమిటి? ఆ పట్నం పెరిగి పెరిగి, పక్కనున్న పల్లపు నేల తుంగపేటను కూడా తనలో కలిపేసుకుంది. తుంగపేటలో ఉండేవన్నీ కుందేళ్లు, ఉడుములు. బొరియల్లో కాపురాలు.

"ఇకనుంచి మీరూ పట్నం వాళ్లే. మీకూ మురుగుకాలువ వేయిస్తాం" అని పట్నానికి పెద్ద అయిన ఏనుగు మాటిచ్చింది. ఆ పని కొండముచ్చు చిటారయ్యకు అప్పగించింది.

చిటారయ్య నేల మీద కాలు పెట్టే రకం కాదు. మద్దిచెట్టు చివరి కొమ్మన కూర్చుని, తోకతో గాల్లోనే ఒక గీత గీశాడు. అడవిపందులు ముట్టెలతో ఆ గీత వెంట తవ్వేశాయి. కాలువ తిన్నగా, చూడముచ్చటగా వచ్చింది. చిక్కల్లా ఒక్కటే. అది కుందేలు గరికమ్మ గుమ్మం ముందుకొచ్చి ఆగింది.

గరికమ్మ బొరియలో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నారు. తెల్లారితే ఎగువన గేదెలు పొర్లిన నీళ్లన్నీ ఆ కాలువలోకి వదులుతారు.

గరికమ్మ పరుగున వెళ్లి, ఒక్కసారి దిగొచ్చి చూడమంది. ఇక్కణ్ణుంచి అంతా సమంగానే కనిపిస్తోంది పొమ్మన్నాడు చిటారయ్య. మళ్లీ వెళ్లి, కాలువను పక్కనున్న మడుగు వైపు తిప్పమంది. కింద ఉండేవాళ్లకి ఏం తెలుస్తుందంటూ చిగుళ్లు నమిలాడు. మరి పైనుంచి చూస్తే గుట్టా, గుంటా ఒక్కలాగే ఉంటాయి కదర్రా!

మూడోసారి గరికమ్మ బతిమాలలేదు. చెవులు సర్దుకుని వెళ్లింది.

"మామా, మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. బొరియ తవ్వించినవాళ్లే ముందు అందులోంచి వెళ్లాలి. కాలువకూ అంతే. నీ ఊరేగింపు చూడాలని పేటంతా కాచుక్కూచుంది."

ఊరేగింపు అనగానే చిటారయ్య సర్రున దిగాడు. కాలువ ఎగువ చివర పల్లకీ బదులు తాటిమట్ట వేశారు. మెడలో తంగేడు పూలదండ వేయించుకుని, పెద్ద ఏనుగు చూస్తుండగా దాని మీద దర్జాగా కూర్చున్నాడు.

"మోసేవాళ్లేరి? ఈలోగా ఇది జారిపోదూ?" అన్నాడు.

"అంతా సమమేనన్నావుగా మామా, కదలదులే" అంది గరికమ్మ.

కదిలింది. తడిమట్టి మీద తాటిమట్ట జారడం మొదలెట్టింది. మొదట్లో చిటారయ్య అందరికీ చెయ్యి ఊపాడు. తర్వాత ఆ చేత్తోనే మట్ట పట్టుకున్నాడు. ఆఖరికి కళ్లు మూసుకున్నాడు. దబ్బున ఆగేసరికి తల గరికమ్మ బొరియలో ఉంది, తోక బయట ఉంది.

లోపల పిల్లలు ఉలిక్కిపడ్డారు. "అమ్మా, నీళ్లొచ్చాయా?"

"లేదమ్మా, కాలువ వేసిన మామ వచ్చాడు."

కాసేపటికి బొరియలోంచి నీరసంగా ఒక గొంతు వినిపించింది. "గరికమ్మా, ఇక్కణ్ణుంచి చూస్తే నీ ఇల్లే పల్లంలో ఉన్నట్టుంది."

పెద్ద ఏనుగు చిటారయ్యను తోక పట్టి బయటికి లాగింది. కాలువ మడుగుకు తిరిగేదాకా నీళ్లు వదలబోమంది. ఆ సాయంత్రమే చిటారయ్య గరికమ్మ వెనకాల నడుస్తూ, ఎక్కడ తవ్వాలో నేల మీదే గీశాడు.

అప్పట్నుంచి ఏ పేటకు వెళ్లినా ముందు అక్కడివాళ్లను అడుగుతాడు. దగ్గర్లో తాటిచెట్టు ఉందేమో కూడా చూసుకుంటాడు.

నీతి: ఎవరి గుమ్మం ముందు కాలువ వేస్తామో, ముందు వాళ్ల గుమ్మంలో నిలబడి చూడాలి.