దున్న ఇంటి జున్ను

ఎప్పుడంటే చెప్పలేను గానీ, సైకిలు కనబడితే కుక్కలు వెంటపడే రోజుల్లో, ఒక గెడ్డ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ. ఆమెకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక గేదె.

ఆ గేదె చూడి నిలవడం లేదు. ఎదకొచ్చినప్పుడల్లా నాయుడిగారి దున్న దగ్గరికి తోలింది. ఒకసారి తోలింది, నిలవలేదు. రెండోసారి తోలింది, నిలవలేదు. మూడోసారీ అంతే.

"అది గొడ్డుదే, కోతకి అమ్మేయ్" అన్నారు ఊరివాళ్ళు. దాలమ్మ గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. అది పోతే ఆమెకి గంజికి కూడా దిక్కులేదు.

అప్పుడొచ్చాడు కూర్మన్న. ఊరూరా తిరిగి, పశువులకి చూడి కట్టేలా ఎద సూది వేసే మనిషి. సైకిలు వెనక ఒక డబ్బా. మూత తీస్తే పొగ. ఆ పొగ కాలదు, చల్లగా ఉంటుంది! అందులోంచి పుల్లంత గొట్టం తీశాడు. చేతికి పొడుగాటి తొడుగు వేసుకున్నాడు. గేదె నెమరు వేస్తూ ఉండగానే పని కానిచ్చాడు.

"అయిపోయిందమ్మా."

"ఏటయిపోయింది? దున్న ఏదీ బాబూ?"

"దున్న బీజం ఈ డబ్బాలోనే వస్తాదమ్మా."

దాలమ్మ డబ్బాలోకి తొంగి చూసింది. డబ్బా చుట్టూ తిరిగి చూసింది. అంత దున్న ఇందులో ఎలా పట్టింది? ఆమెకి ఏమీ బోధపడలేదు.

ఇరవయ్యొక్క రోజులైంది. గేదె మళ్ళీ ఎదకి రాలేదు, అంటే చూడి నిలిచింది. పది నెలలకి పెయ్యదూడని ఈనింది.

ఆ సంతోషం ఒక పూటే. ఎందుకంటే ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. తొలి జున్ను దున్న ఉన్న ఇంటికి వెళ్ళాలి. అది తండ్రి వాటా. వెళ్ళకపోతే దూడ బతకదంటారు. దూడ చూస్తే ఇంకా తూలుతోంది. దాలమ్మ బెల్లం, మిరియాలు వేసి జున్ను వండింది. గిన్నె నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

ముందు నాయుడిగారి ఇంటికెళ్ళింది.

"నా దున్నకి పుట్టిన దూడ కాదది. నానెలాగ తింతానే?" అన్నాడాయన.

తర్వాత పశువుల ఆసుపత్రికెళ్ళింది.

"మాకు పట్నం నుంచి వస్తాది. ఏ దున్నదో మాకేటి తెలుసు?" అన్నాడు కాంపౌండరు.

దాలమ్మకి ఏమీ బోధపడలేదు. మూడోసారికి కూర్మన్నని వెతుక్కుంటూ వెళ్ళింది. కల్వర్టు పక్కన కూర్చుని సైకిలు చైను ఎక్కించుకుంటున్నాడు.

"బాబూ, మా దూడ తండ్రి ఇల్లెక్కడ?"

కూర్మన్న బుర్ర గోక్కున్నాడు. "ఏ దేశందో అమ్మా. ఈపాటికి సచ్చిపోయి కూడా ఉంటాది. సలిలో పెడితే బీజం ఏళ్ళ తరబడి ఉంటాదట."

"సచ్చిన దున్నకి దూడేటి బాబూ?"

"నాకూ పూర్తిగా బోధపడదమ్మా. మొయ్యమంటారు, మోస్తాను."

ఎండెక్కుతోంది. జున్ను పాడైపోతుంది.

"అయితే నువ్వే తిను."

"నాది కాదమ్మా."

"దాని ఊసు తెలిసినోడివి నువ్వొక్కడివే. తిను."

"నాది కాదమ్మా."

"దూడ సచ్చిపోతాది బాబూ!"

"నాది కాదమ్మా" అన్నాడు మూడోసారి. అని, దాలమ్మ కళ్ళనీళ్ళు చూసి గిన్నె అందుకున్నాడు. తింటూ తింటూ తనూ ఏడ్చాడు. ఆయన చేతి మీదుగా ఎన్నో ఊళ్ళలో ఎన్నో గేదెలు ఈనాయి. ఒక్క ఇంట్లోనూ అంతవరకు జున్ను పెట్టలేదు.

దూడ బతికింది. జున్ను వల్లో, తల్లిపాల వల్లో, నాకూ తెలీదు.

తర్వాత ఒక వానాకాలం గెడ్డ పొంగింది. అవతల ఊళ్ళో ఎవరిదో గేదె ఎదకొచ్చింది. ఎద రేపటిదాకా ఆగదు కదా. డబ్బా నెత్తిన పెట్టుకుని కూర్మన్న నీళ్ళలోకి దిగాడు. మర్నాడు డబ్బా తుంగలో చిక్కుకుని దొరికింది. మూత తీస్తే ఇంకా పొగ వచ్చింది. కూర్మన్న దొరకలేదు.

ఆయన పోయాక కూడా పది నెలల దాకా ఆయన వేసిన సూదులకి గేదెలు ఈనుతూనే ఉన్నాయి. దాలమ్మ గేదె కూడా ఈనింది. జున్ను వండి గుమ్మంలో నిలబడింది దాలమ్మ. ఎక్కడికి పంపాలి? దున్న ఇల్లు తెలీదు. మోసినవాడి ఇల్లూ తెలీదు. బతికుండగా ఏ ఊరు బాబూ నీదని ఒక్కరూ అడగలేదు, తనూ అడగలేదు. ఆ సిగ్గుతో ఆమె కుమిలిపోతుంటే, దారిన ఎవరో సైకిలు మీద పోతూ కనబడ్డాడు. దాలమ్మ పరుగెత్తి అతన్ని ఆపింది.

ఇవాళ్టికీ ఆ గెడ్డ పక్క ఊళ్ళలో గేదె ఈనితే తొలి జున్ను పట్టుకుని దారిలో నిలబడతారు. సైకిలు మీద ముందొచ్చినవాళ్ళకి పెడతారు. ఎవరి వాటా అది అంటే కొందరు దున్నదంటారు, కొందరు కూర్మన్నదంటారు. తినేవాళ్ళు మాత్రం "నాది కాదమ్మా" అని మూడుసార్లు అనాలి. పెట్టేవాళ్ళు "ఏ ఊరు బాబూ నీది?" అని అడగాలి. అడిగి, జవాబు విన్నాకే గిన్నె చేతికిస్తారు.