మొదటి గరిటె

ఎవరైనా ప్రశ్న అడిగితే పరదేశిస్వామి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. ఊరికే కూర్చుని విన్న మాట మనిషిలో నిలవదని ఆయన నమ్మకం. అందుకే చిన్నంనాయుడు ఆశ్రమానికి వచ్చి, "స్వామీ, మా సేవాసంఘం బలపడాలంటే ఏం చేయాలి?" అని అడిగినప్పుడు, ఆయన వెదురు దబ్బల కట్ట చూపించి, "రేపు వచ్చి మధ్యాహ్నం దాటేదాకా ఆవులపాకకు తడిక అల్లు" అన్నారు.

నాయుడిది ఉబుసుపోక అడిగిన ప్రశ్న కాదు. పట్నంలో పెద్దాసుపత్రి గేటు ఎదుట అతని సంఘం రోజూ మధ్యాహ్నం రాగిపిండితో కాచిన చోడి అంబలి పోసేది. కొండ ఊళ్ల నుంచి రోగులకు తోడు వచ్చినవాళ్లలో చాలామందికి ఆ పూటకు అదే తిండి. పక్క పట్నం ఆసుపత్రి దగ్గర కూడా మొదలుపెట్టమని అక్కడివాళ్లు అడుగుతున్నారు. అందుకు పెద్ద గంగాళాలు కావాలి, బండి కావాలి, ఇంకొందరు మనుషులు కావాలి అని నాయుడి ఆలోచన.

"మధ్యాహ్నం అంబలి పోసే వేళ కదా స్వామీ" అని నసిగాడు.

"పోసేవాళ్లు లేరా?"

"బోలెడుమంది ఉన్నారు."

"మరి బెంగ దేనికి?"

ఆ మాటకు ఎదురు చెప్పలేక నాయుడు మర్నాడు తడిక దగ్గర కూర్చున్నాడు. ఎండ నడినెత్తి దాటాక గాని స్వామి వదల్లేదు. పరుగున వెళ్లేసరికి ఆసుపత్రి గేటు మూసేశారు. తోడు వచ్చినవాళ్లంతా వార్డుల్లోకి వెళ్లిపోయారు. మజ్జిగ కలపని అంబలి గంగాళాల్లో అట్టకట్టింది. సంఘంవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గేటు బయట మిగిలిపోయిన ఒక ముసలామె ఖాళీ గ్లాసు నేలకేసి కొట్టి, "కడుపు కాలిపోతంటే గరిటెకి ముహూర్తమేటి బాబూ?" అంది.

నాయుడు అరిచాడు. "ఎందుకు పొయ్యలేదు?"

వంట చూసుకునే పైడమ్మ బిత్తరపోయింది. "అదేటి బావూ! మజ్జిగ కలిపేది నువ్వు. ఉప్పు సూసీది నువ్వు. దండం పెట్టి మొదటి గరిటె పోసీది నువ్వు. నువ్వు రాకుండా మేమెలా పోసెత్తాం?"

అలా చేయమని ఎవరికీ అతను నియమం పెట్టలేదు. మొదటి రోజు భక్తితో చేశాడు. తర్వాత అదే ఆనవాయితీ అయింది. అందరూ తన చేతికోసం కాచుకుని ఉండటం అతనికి బాగుండేది. సేవ చేసేవాడు చెప్పులు బయట విడిచినంత సులువుగా గర్వాన్ని విడవలేడు.

ఆ కోపంతోనే ఆశ్రమానికి తిరిగి వచ్చాడు. "నాకు బుద్ధి చెప్పడానికి అంతమందిని పస్తు పెట్టారు స్వామీ!"

"పొయ్యొద్దని నేను చెప్పానా?"

"నేనూ చెప్పలేదు."

"పొయ్యమనీ చెప్పలేదు కదా" అన్నారు స్వామి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలోనూ సంతోషం లేదు. "తడిక సగంలో ఉంది. రేపు కూడా రా" అన్నారు.

నాయుడు బయటికి నడిచాడు. రేపు కూడా ఆ ముసలామె ఆకలితో వెళ్లిపోతే? తిన్నగా పైడమ్మ ఇంటికి వెళ్లి, గరిటె ఆమె చేతిలో పెట్టాడు. మజ్జిగ ఎంత పుల్లగా ఉండాలో, ఎప్పుడు కలపాలో చెప్పాడు.

"నా సేతి ఉప్పు ఎవులికి నచ్చుద్ది బావూ? తిడతారు."

"తిడితే పడు. నన్ను తిట్టలేదా ఇవాళ?"

మర్నాడు అతని వేళ్లు తడిక మీద ఉన్నాయిగాని, ప్రాణమంతా ఆసుపత్రి గేటు దగ్గరే ఉంది. రెండు చోట్ల అల్లిక తప్పి మళ్లీ విప్పాడు. స్వామి వెళ్లమనగానే లేచి పరుగెత్తాడు.

గంగాళాలు తోమి బోర్లించి ఉన్నాయి. నిన్నటి ముసలామె గోడకు ఆనుకుని మూతి తుడుచుకుంటోంది. అంబలి కాస్త ఉప్పగా ఉందని కొందరు గొణిగారట, అయినా రెండోసారి పోయించుకున్నారట. వార్డు వదిలి రాలేని బాలింతల తల్లులకు క్యాన్లలో పోసి ముందే లోపలికి పంపారట. ఆ ఆలోచన పైడమ్మది. ఇన్నేళ్లలో నాయుడికి తట్టనిది.

అతను మాట్లాడబోయేలోగా, ఆ పూటే కొండ దిగి వచ్చిన ఒకామె అతని చెమటపట్టిన ముఖం చూసి జాలిపడింది. "ఆలీసెం సేసీసినావు బాబూ. అంబలి అయిపోనాది. రేపు పెందలాడే రా, కడుపునిండా పోత్తారు."

పైడమ్మ పకపకా నవ్వింది. నాయుడికి ముందు చురుక్కుమంది. తర్వాత అతనికీ నవ్వొచ్చింది.

సాయంత్రం స్వామికి అంతా చెప్పి, "నేనెవరో కూడా ఆమెకు తెలియదు స్వామీ" అన్నాడు. ఆ గొంతులో బాధ పూర్తిగా పోలేదు.

నాయుడు మొదట అడిగిన ప్రశ్నకు స్వామి ఇప్పుడు జవాబు చెప్పారు.

"తెలియకపోయినా, రేపు రమ్మంది కదా!"