పేరు చెప్పని తల్లి చేతిలోని తీగ

ఆల్ప్స్ పర్వతాల పడమటి కొసన, ఆవోస్తా లోయలో, డోరా నదికి ఎండ బాగా తగిలే గట్టు మీద ఒర్సెయ్ అనే చిన్న ఊరు ఉంది. బస్సు దిగిన యాత్రికులు రాతిమెట్లు ఎక్కి పైకి వస్తుంటే రెండు పక్కలా పొట్టి ద్రాక్షపందిళ్లు తలకు తగులుతాయి. ఆ మెట్ల చివర, పలకరాళ్లు కప్పిన గుడి కనిపిస్తుంది. లోపల ఉన్నది అక్రోటు చెక్కతో చేసిన ఒక స్త్రీమూర్తి. తల వెనుక కాంతివలయం లేదు, చేతిలో బిడ్డ లేడు. ముఖం అరిగిపోయింది. కుడిచేతిలో మాత్రం ఒక ద్రాక్షకొమ్మ ఉంది. దానికి ఆకు లేదు, కాయ లేదు. చూడటానికి పొయ్యిలో పెట్టే పుల్లలాగే ఉంటుంది.

ఈమె మరియ మాతా, మరో పునీతురాలా అని కొత్తవాళ్లు అడుగుతారు. ఊరివాళ్లు ఎవరిని అడిగినా ఒకే మాట అంటారు: "పండినప్పుడు అదే చెబుతుంది." అడిగింది అమ్మ గురించి, చెప్పింది పండు గురించి. ఈ జవాబు ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా ఇక్కడినుంచి వెళ్లిపోతే సగం చూసి వెళ్లినట్లే.

కథకు ముందు ఈ ఊరి ద్రాక్ష గురించి కొంచెం తెలియాలి. ఒర్సెయ్‌లో పండేదంతా ఎర్ర వైన్‌కు పనికివచ్చే రకమే. ప్రెమెత్తా అన్నిటికన్నా ముందు పండుతుంది. దాని ఎరుపు నీళ్లు కలిపినంత పలుచన. మయోలే గుత్తులు పండు కదలనంత ఒత్తుగా ఉంటాయి, అదీ త్వరగానే పండుతుంది. పెతీరూజ్ పండ్లు పిట్టగుడ్లలా కొంచెం కోలగా ఉంటాయి. ఫ్యూమిన్ అన్నిటికన్నా ఆలస్యం. దాని నల్లని పండ్ల మీద బూడిద చల్లినట్లు ఒక పొర ఉంటుంది. తొందరగా పండేవాటిని చలి ఎక్కువగా ఉండే పై మడుల్లో నాటాలి, ఆలస్యంగా పండేవాటిని వెచ్చని కింది మడుల్లో నాటాలి. తారుమారైతే ఫ్యూమిన్ పచ్చికాయగానే మంచులో మునుగుతుంది. ఇంకొక సంగతి. ఎర్ర వైన్‌కు రంగు గుజ్జు నుంచి రాదు, తొక్క నుంచి వస్తుంది. నల్లద్రాక్షను చిదిమితే కారేది దాదాపు తెల్లని నీరే. దీన్ని గుర్తుంచుకోవాలి, చివర పని పడుతుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, రాళ్లగుట్ట ఉండేది. ఉర్సు అనే మేకలకాపరి తప్పిపోయిన మేకను వెతుకుతూ రాళ్ల మధ్య ఈ బొమ్మను చూశాడట. ఎక్కడి నుంచి కొట్టుకువచ్చిందో తెలియదు. ఊరివారు దానికొక గూడు కట్టి, కింద నేలమాళిగ తవ్వి, పేరు తెలియని ఆ తల్లికి దీపం పెట్టసాగారు. తల్లి చేతిలోని కొమ్మ ఏ రకమని ఎప్పుడూ వాదన జరిగేదట. ఎవరి తోటలో ఏది ఉంటే అదే అనేవారు.

ఉర్సు పోయిన చాలాకాలానికి ఆ ఊళ్లో పెరిన్ అనే వృద్ధురాలు ఉండేది. ఆకు రాలిన తీగను కూడా ఆమె తడిమి ఏ రకమో చెప్పేది. బెరడు గోకి వాసన చూసేది, కణుపు మీద బొటనవేలు ఆనించేది, పేరు చెప్పేది. పొలం పని చేసే ఓపిక ఒంట్లో లేకపోయాక కూడా ఊళ్లో ఆమెకు కుర్చీ వేసి కూర్చోబెట్టేది ఈ విద్య కోసమే. భర్త, కొడుకు ఇద్దరూ పోయారు. కోడలు జాక్మీన్‌తో కలిసి ఉండేది.

ఒక వేసవిలో కొండచరియ విరిగి ఊరి మడులన్నీ రాళ్లకింద పడిపోయాయి. ఒక్క మూల మాత్రం మిగిలింది. అక్కడ అన్ని రకాల తీగలూ కలిసి ఉండేవి. శరత్కాలంలో, ఆకు ఉండగానే, పెరిన్ ఉన్నిదారాలకు తానే రంగులద్ది, ఒక్కో తీగకు ఒక్కో రంగు దారం కట్టింది: ఫ్యూమిన్‌కు ఎరుపు, మయోలేకు పసుపు, పెతీరూజ్‌కు ఊదా, ప్రెమెత్తాకు ఆకుపచ్చ. ఆకు రాలాక ఊరివారు కొమ్మలు కోసి, దారాలతో సహా కట్టలు కట్టి, తల్లి గూటి కిందున్న నేలమాళిగలో తడి ఇసుకలో పూడ్చారు. వసంతంలో వాటిని నాటాలి. దారం లేని కొమ్మను పారేయాలని ఊరి ఆనవాయితీ.

చలికాలం చివర మిగిలిన ఆ మూల కూడా జారిపోయింది. అయినా ఎవరూ పెద్దగా దిగులుపడలేదు, కొమ్మలు ఇసుకలో భద్రంగా ఉన్నాయిగా అనుకున్నారు. కానీ మంచు కరిగిన నీళ్లు నేలమాళిగలోకి దిగాయి. కట్టలు పైకి తీసి చూస్తే దారాలు కొన్ని ఊడిపోయాయి, మిగిలినవన్నీ వెలిసిన మట్టిరంగులో ఉన్నాయి. ఏది ఏ రంగో చెప్పే దిక్కు లేదు.

పెరిన్ ఇంటికి వచ్చి అటక మీద వెతికింది. అద్దకానికి తెప్పించిన పటికగడ్డ కాగితంలో చుట్టినట్లే ఉంది. పటిక వేయకపోతే రంగు నిలవదని ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. వేయడం మరచిపోయింది. గడ్డను మళ్లీ చుట్టి, కుండ వెనక్కి తోసేసింది.

"మనకేం భయం, పెరినమ్మ ఉందిగా," అన్నాడు ఊరిపెద్ద బొనిన్. కట్టలన్నీ ఆమె గుమ్మం ముందు దించారు. ఆదివారం పంపకం.

పెరిన్ మొదటి కొమ్మను తీసుకుంది. బెరడు గోకింది. వాసన వచ్చింది కానీ, వెనకాల రావలసిన పేరు రాలేదు. బొటనవేలు కణుపు మీద చాలాసేపు ఉంది. ఇది ఎవరి చెయ్యి అన్నట్లు తన చేతినే చూసుకుంది. జాక్మీన్ ఎదురుగా ఉంది కాబట్టి, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఫ్యూమిన్," అంది.

మరుసటి రోజు జాక్మీన్ ఆ కట్టనే మళ్లీ తెచ్చింది. "ఇది మయోలే. దీనికి కూడా అడగాలా?" అంది పెరిన్ విసుగ్గా.

"నిన్న దీన్నే ఫ్యూమిన్ అన్నారు అత్తయ్యా."

"నువ్వే కట్టలు కలిపేసి ఉంటావు. నీ పనులన్నీ అంతే."

జాక్మీన్ నోరున్న మనిషి. మామూలుగా అయితే మాటకు మాట అనేసేది. ఆ రోజు మాత్రం అనలేదు. కట్ట గోడకు ఆనించి, అత్తగారి ఒళ్లోకి శాలువా లాగి వెళ్లిపోయింది. ఆ ఊరుకోవడమే పెరిన్‌ను ఎక్కువ భయపెట్టింది. ఈ విద్య పోతే ఊళ్లో తనకు కుర్చీ ఎందుకు వేస్తారు? పోనీ, తోచిన పేర్లు చెప్పేస్తే? ఫ్యూమిన్ పై మడికి పోతుంది, మయోలే కింద మాడుతుంది, ఊరంతా కష్టపడి నాటిన తోట పుల్లటి కాయలు కాస్తుంది. అప్పటికి తాను ఉండకపోవచ్చు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గు వేసింది.

శనివారం మధ్యాహ్నం కొమ్మలు ఒళ్లో పెట్టుకునే ఆమెకు కునుకు పట్టింది. గూటిలోని తల్లి వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. కాళ్లకు బురద ఉంది. చేతిలో ఆకులేని కొమ్మ ఉంది.

"తల్లీ, నీ పేరేమిటి?" అని పెరిన్ అడిగింది.

"ఇది ఏ తీగో నువ్వు చెప్పు, నా పేరు నేను చెబుతాను."

పెరిన్ కొమ్మను తడిమింది. కలలో కూడా రాలేదు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి, అబద్ధం చెప్పవలసిన పని లేదు కాబట్టి, "గుర్తులేదమ్మా," అంది. అన్నాక ఊపిరి తేలికగా ఆడింది.

"గుర్తులేకపోతే నాటకూడదా? నా గూటి పక్కనున్న వాలు ఖాళీగానే ఉందిగా. అక్కడ నాటు. పండినప్పుడు అదే చెబుతుంది," అని తల్లి లేచి, కొమ్మ అక్కడే వదిలి వెళ్లిపోయింది. మెలకువ వచ్చాక పెరిన్ ఒళ్లో ఉన్నవి తన కొమ్మలే. అయితే బెరడు గోకిన చోట తడి ఊరి ఒక బొట్టు వేలికి అంటింది.

ఆదివారం ఊరంతా గూటి ముందు చేరింది. కుర్చీ వేశారు. పెరిన్ కూర్చోలేదు.

"నేను పటిక వేయడం మరచిపోయాను. అందుకే రంగులు పోయాయి. ఇప్పుడు వీటి పేర్లు కూడా నాకు గుర్తురావడం లేదు," అంది.

బొనిన్ ముఖం ఎర్రబడింది. "ఈ మాట ఇప్పుడా చెప్పడం! రాళ్లన్నీ ఏరి, నా కింది మడి దున్ని సిద్ధంగా పెట్టుకున్నాను. అందులో ఏం నాటుకోను, నీ మరుపు నాటుకోనా?"

"అయితే నువ్వే చెప్పు నాయనా," అని పెరిన్ ఒక కొమ్మ అతని చేతికి ఇచ్చింది. వెటకారం లేదు. నిజంగానే అతనికి తెలుసేమోనని ఆశపడింది.

బొనిన్ అటూ ఇటూ తిప్పి పెతీరూజ్ అన్నాడు. అతని తమ్ముడు లాక్కుని చూసి ఫ్యూమిన్ అన్నాడు. వాళ్ల మేనమామ కొరికి మరీ చూసి, ప్రెమెత్తా అని ఒట్టు పెట్టాడు. జాక్మీన్ పకపకా నవ్వింది. "ఒక్క పుల్లకు మూడు పేర్లు పెట్టారు, మా అత్తయ్య రెండే పెట్టారు. ఇంకా ఆమే నయం!" ఆ నవ్వు ఊరంతా పాకింది.

అప్పుడు పెరిన్ కల చెప్పింది. పేరు పెట్టకుండా, ఏదీ పారేయకుండా, అన్నీ తల్లి వాలు మీద నాటాలి. పండాక ఏది ఏదో చూసి, కొమ్మలు కోసి ఎవరి మడికి వారు పట్టుకుపోవాలి.

"పండేదాకా అంటే మూడేళ్లు! అన్నాళ్లూ మంచినీళ్లు తాగమంటావా?" అన్నాడు బొనిన్.

"నీకు కొంచెం అలవాటైతే మంచిదే," అంది అతని భార్య వెనుక నుంచి. జాక్మీన్ అప్పటికే చెంగునిండా కొమ్మలు పట్టుకుని వాలు మీదికి నడుస్తోంది. మిగిలినవారు ఆమె వెనకాల వెళ్లారు.

ఆ మూడేళ్లలో పెరిన్ చాలా మరచిపోయింది. ఇంటి దారి మరచింది, భర్త చనిపోయాడన్న సంగతి మరచింది. కోడలిని చూసి "ఎవరమ్మా నువ్వు, మంచిదానివి," అనేది. అయినా రోజూ తల్లి వాలుకు వెళ్లి తీగల మధ్య కూర్చునేది. ఆమెకు తెలియని తీగలు ఆమెకు నీడ పట్టేవి. ఎవరూ కుర్చీ తీసేయలేదు. దాన్ని కూడా వాలు మీదికే తెచ్చి వేశారు.

మూడో శరత్కాలంలో తీగలు మాట్లాడటం మొదలుపెట్టాయి. ముందుగా పలుచని ఎరుపుతో ప్రెమెత్తా, తరువాత ఒత్తు గుత్తులతో మయోలే, ఆపైన కోలపండ్ల పెతీరూజ్. తొలిమంచు పడే రోజుల్లో ఫ్యూమిన్ బూడిద పూసుకుని బయటపడింది. ఊరివారు ఒక్కో తీగ దగ్గర నిలబడి పెద్దగా పేరు పిలిచారు, తప్పిపోయిన పిల్లలు దొరికినట్లు.

వాలు అంచున ఇంకొక తీగ మిగిలింది. దాని కాయ ఆ నాలుగింటిలో దేన్నీ పోలలేదు. ఏ కట్టలోంచి వచ్చిందో తెలియదు. దారాలు ఉండి ఉంటే దారం లేని కొమ్మగా పారేసేవారే. బొనిన్ ఒక పండు చిదిమాడు. తెల్లని నీరు కారుతుందనుకుంటే, లోపలి గుజ్జే ఎర్రగా ఉంది. అతని వేళ్లు రక్తంలో ముంచినట్లయ్యాయి. అందరూ చుట్టూ మూగారు. పాత అలవాటు కొద్దీ గుత్తి తీసుకువెళ్లి పెరిన్ చేతిలో పెట్టారు.

"పెరినమ్మా, ఇదేమిటి?"

పెరిన్ దాన్ని తిప్పి చూసింది. "గుర్తులేదు," అని ఒక పండు నోట్లో వేసుకుంది. పెదవులు ఎర్రబడ్డాయి.

"తల్లి మాట తప్పిందే!" అన్నాడు బొనిన్ నవ్వుతూ. "పండినప్పుడు చెబుతుందన్నావు. పండింది, పేరు చెప్పలేదు."

"చెప్పిందిగా నాయనా," అంది పెరిన్ మరొక పండు తీసుకుంటూ. "నువ్వు ఇంకా నోట్లో వేసుకోలేదు, అంతే." తరువాత పక్కనున్న జాక్మీన్ పెదవులకు కూడా ఒక పండు అందించి, "తిను తల్లీ. నువ్వెవరో గానీ, నువ్వు తినకపోతే నాకు రుచించడం లేదు," అంది.

జాక్మీన్ తిన్నది. ఆ తీగకు ఆ తరువాత ఎవరూ పేరు పెట్టలేదు. తల్లికి కూడా.

ఆ గూడే తరువాత ఈ గుడి అయింది. తల్లి వాలు మీద నేటికీ అన్ని రకాలూ కలిసే పెరుగుతాయి, కలిపే తొక్కుతారు. పేరులేని తీగ రసం అందులో పడితేనే ఆ వైన్‌కు ఆ రంగు వస్తుందని అంటారు. ఈ ఊళ్లో పెద్దవాళ్లు ఏదైనా మరచిపోతే ఎవరూ సరిదిద్దరు, నిన్న చెప్పానుగా అని విసుక్కోరు. ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, "పండినప్పుడు అదే చెబుతుంది," అంటారు. ఇక్కడ మొక్కుకుంటే మరుపు పోతుందని ఊరివారు చెప్పరు. మరుపంటే ఉన్న భయం పోతుందనీ, మరచిపోయినవారి ఇంట్లో విసుగు తగ్గుతుందనీ మాత్రం గట్టిగా చెబుతారు.

కొమ్మలు నాటే ముందు వచ్చే ఆదివారం ఇక్కడ పండుగ. ఆ రోజు గుమ్మంలో ఊరి పెద్దముత్తైదువ ఆకులేని కొమ్మ పట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతివారినీ ఇది ఏ తీగ అని అడుగుతుంది. కొందరు చదివి వచ్చిన పేరు ఠక్కున చెబుతారు. ఆమె నవ్వి, లోపలికి వెళ్లి తల్లిని చూసి రమ్మంటుంది. మీకు తెలియకపోయినా, తెలిసి మరచిపోయినా, జంకకుండా గుర్తులేదనే చెప్పండి. ఎర్రని వైన్ గిన్నె ఆ మాట అన్నవారికే అందిస్తారు.